మెదడు దారులు – 7: అఫ్జల్‌గంజ్ క్లోరోఫాం పంచాయితీ

గత భాగం ఎక్కడ ఆగిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. గాల్వానీ బల్ల మీద చచ్చిన కప్ప కాలు ఎగిరిపడింది. నరంలో కబురు ఎంత వేగంగా పోతుందో హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కొలిచాడు. మెరుపు వేగమనుకున్నది సెకనుకు ముప్పై మీటర్ల దగ్గర తేలింది. అంతకుముందే, 1845లో, వేబర్ సోదరులు వేగస్ నరానికి కరెంటు తగిలించి కొట్టుకుంటున్న గుండెను ఆపేశారు. కదిలించే నరాలే కాక ఆపే నరం కూడా ఒంట్లో ఉందని వైద్యులకు అప్పుడు తెలిసింది.

ఆ ఆపే నరం దగ్గరే ఈ భాగం మొదలవుతుంది. మత్తుమందు పీల్చిన మనిషి కోత బల్ల మీదే ప్రాణం విడిస్తే ముందు ఆగింది ఊపిరా, గుండెకాయా? మెదడు అడుగున శ్వాసను నడిపే చోటు మూగబోయిందా, లేక వేగస్ నరమో మందో గుండెను పట్టి ఆపిందా? ఈ తగువు ఎడింబరోకూ లండన్‌కూ మధ్య నలభై ఏళ్లు నడిచి, తీర్పు కోసం మూసీ ఒడ్డుకు వచ్చింది. పంచాయితీ ఖర్చు నిజాం ఖజానా భరించింది.

అది 1889. చార్మినార్ నాలుగు ముఖాలకూ గడియారాలు బిగించిన సంవత్సరం. చార్మినార్ నుంచి దక్షిణంగా శాలిబండ మీదుగా అలియాబాద్ వైపు సాగే బాట చివర, గుట్ట మీద, పైగా నవాబు వికార్ ఉల్ ఉమ్రా ఐదేళ్లుగా ఫలక్‌నుమా కట్టిస్తున్నాడు. ఇప్పుడు నడిరోడ్డు మీద ఒంటరిగా నిలబడ్డ శాలిబండ గడియార స్తంభం అప్పటికింకా లేవలేదు. హరిబౌలిలో అక్కన్న మాదన్నల గుడి ఉంది, చుట్టూ అమీర్ల దేవిడీలున్నాయి, వాటి నీడన పనివాళ్ల ఇళ్లున్నాయి.

ఆ పేటలో ఒకరికి తొడ మీద పెద్ద గడ్డ లేచిందనుకోండి. మొదట యునానీ హకీం నాడి పట్టుకుని చూసేవాడు. కొయ్యాల్సి వస్తే జర్రా వచ్చేవాడు. కత్తి, కట్టు రెండూ అతని సంచిలోనే ఉండేవి. నొప్పికి మందంటే నల్లమందో, భంగో, కల్లో. కాళ్లూ చేతులూ నలుగురు పట్టుకోవాలి. అంతకు మించిన రోగమైతే, మూత్రాశయంలో రాయో కుళ్లిన కాలో అయితే, మనిషిని డోలీలో వేసుకుని చార్మినార్, గుల్జార్ హౌజ్ దాటి, అఫ్జల్ దర్వాజా బయటికి వచ్చి, వంతెన మీదుగా మూసీ ఆవలి ఒడ్డుకు చేర్చేవారు. అక్కడ అఫ్జల్‌గంజ్ దవాఖాన ఉండేది. ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా పేరున 1866లో వెలిసింది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద దాన్ని తుడిచిపెట్టింది. ఉస్మానియా దవాఖాన తర్వాత ఆ ఒడ్డునే లేచింది.

అఫ్జల్‌గంజ్‌లో కోతకు ముందు రోగి ముక్కు మీద గుడ్డతో చేసిన గొట్టం లాంటి టోపీ పెట్టి, అందులో క్లోరోఫాం చుక్కలు వేసేవారు. తియ్యటి వాసన. కాసేపు పెనుగులాట, తర్వాత గురక. మందు పట్టే కుర్రవాడికి ఒకటే ఆజ్ఞ: ఊపిరి చూడు, ఊపిరే చూడు. నాడి మీద వేలు వేయడం అక్కడ తప్పు కింద లెక్క.

ఆ ఆజ్ఞ ఇచ్చినవాడు ఎడ్వర్డ్ లారీ. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ వైద్య పాఠశాలకు పెద్ద. 1846లో డాక్టర్ మెక్లీన్ ఉర్దూలో పాఠాలతో మొదలుపెట్టిన పాఠశాల అది. లారీ ఎడింబరోలో జేమ్స్ సైమ్ దగ్గర చదివాడు, లాహోర్‌లో శస్త్రచికిత్స నేర్పాడు, 1880ల నడుమ ఇక్కడికి వచ్చాడు. మొండివాడు, మాటకారి, గురుభక్తి ఎక్కువ. ఈ మూడూ కలవకపోతే ఈ కథే లేదు.

ఇక తగువు పుట్టుక. 1847 నవంబరులో ఎడింబరోలో డాక్టర్ సింప్సన్ క్లోరోఫాంను లోకానికి చూపించాడు. రెండు నెలలు తిరిగాయో లేదో, 1848 జనవరి 28న న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి, మందు పీల్చిన నిమిషాల్లోనే చనిపోయింది. కాలిగోరు కోసం! ఆరోగ్యంగా ఉన్న పిల్ల, చిన్న పని, కాస్త మందు. అలాంటి చావులు ఆ తర్వాత ఏటా వినబడుతూనే వచ్చాయి.

లారీ గురువు సైమ్ సహా ఎడింబరో వారి మాట: మందు ఎక్కువైతే ముందు ఆగేది శ్వాస, కాబట్టి శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూస్తూ కూర్చునేవాడు ఊపిరి ఆగడం గమనించడు. లండన్ వారి మాట వేరు. అక్కడి జాన్ స్నో విక్టోరియా రాణి ప్రసవానికి 1853లో క్లోరోఫాం పట్టినవాడు, మరుసటి ఏడు బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు కథతో కలరా గుట్టు విప్పినవాడు. పీల్చే గాలిలో మందు నూటికి నాలుగైదు పాళ్లు దాటితే గుండెకే నేరుగా దెబ్బ తగులుతుందని ఆయన లెక్క. సింప్సన్ పుట్టిన దేశపు అభిమానం ఒకవైపు, రాజధాని దర్పం ఇంకోవైపు. అమెరికా వాళ్లు మాత్రం మాకు ఈథర్ ఉంది, మీ గొడవ మాకెందుకన్నారు.

ఇది వైద్యుల పంతం మాత్రమే అయితే మెదడు చరిత్రలో దీనికి చోటు ఇవ్వనక్కర్లేదు. దీని అడుగున అసలు ప్రశ్న ఒకటుంది: ఒంట్లో ఏ పని ఎవరి హుకుంతో నడుస్తుంది? ఫ్రాన్స్‌లో లెగాల్వా 1812 నాటికే కుందేళ్ల మీద ప్రయోగాలతో ఒక సంగతి తేల్చాడు. పైమెదడును తీసేసినా ఊపిరి ఆడుతుంది. వెన్నుపాము మెదడుతో కలిసే చోట, ఇప్పుడు మన పాఠ్యపుస్తకాలు మజ్జాముఖం అంటున్న భాగంలో, ఒక చిన్న తావును కోస్తే మాత్రం ఊపిరి అక్కడికక్కడే ఆగిపోతుంది. ప్రతి శ్వాసకూ అక్కడి నుంచే ఉత్తర్వు రావాలి. ఆ ఉత్తర్వు వెన్నుపాములోకి దిగి, మెడ దగ్గర బయటికి వచ్చే నరాల గుండా రొమ్ముకూ పొట్టకూ నడుమనున్న విభాజక పటలానికి చేరుతుంది. గుండె పద్ధతి వేరు. ఒంట్లోంచి తీసి పళ్లెంలో పెట్టిన కప్ప గుండె కూడా కాసేపు కొట్టుకుంటుంది, లయ దాని సొంతం. వేగస్ నరం, దానికి ఎదురు పనిచేసే నరాలు ఆ లయను తగ్గించడమో పెంచడమో చేస్తాయంతే.

క్లోరోఫాం నాడీమండలంలోకి మెట్టు మెట్టుగా దిగుతుంది. మొదట మస్తిష్కం, అంటే తెలివి, మాట. తర్వాత వెన్నుపాము, గిచ్చితే కాలు లాక్కునే పని. చివరికి మజ్జాముఖం. అందరికంటే ఆలస్యంగా నిద్రపోయే కావలివాడు అదే కాబట్టి, దాన్ని కనిపెట్టి చూస్తే ఏ ప్రమాదమైనా ముందే తెలుస్తుందని లారీ నమ్మకం. చక్కటి తర్కమే. గుండె కండరానికి విషం నేరుగా తగలనంత వరకు.

1888లో లారీ పట్టుబట్టి నిజాం ప్రభుత్వం చేత మొదటి కమిషన్ వేయించాడు. పాట్రిక్ హెహిర్ అధ్యక్షుడు, కెల్లీ, షామరెట్ సభ్యులు. 141 కుక్కలకు క్లోరోఫాం పట్టి చంపారు. ప్రతిసారీ ముందు ఊపిరి ఆగింది, గుండె తర్వాతే ఆగింది. మరుసటి ఏడు మొదట్లో ఆ ఫలితాన్ని లారీ ఒక సభలో చదివి, సైమ్ మాటే వేదమని ప్రకటించాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక పెదవి విరిచింది. ఐరోపా ప్రయోగశాలల్లో గుండె ముందు ఆగిన దాఖలాలు ఉండగా, ఎక్కడో దక్కనులో కుక్కల లెక్క చెప్పి తీర్పు ఇచ్చేస్తే ఎలా అన్నది దాని ధోరణి.

లారీ ఇచ్చిన జవాబు హైదరాబాదీ జవాబు. మీకు నమ్మకం లేకపోతే మీ మనిషినే పంపండి, వెయ్యి పౌన్లు నిజాం ఇస్తారు, మా కళ్ల ముందు మీరే ప్రయోగం చేయండి. లాన్సెట్ ఒప్పుకుంది.

నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు, జనం నోట మహబూబ్ పాషాకు, అప్పుడు ఇరవై మూడేళ్లు. దివాన్ ఆస్మాన్ జా. కోత బల్ల తగువుకు ఇంత డబ్బు ఎందుకు ఇచ్చారు? లారీ పలుకుబడి ఒక కారణం. నాకు తోచే మరో కారణం కూడా చెబుతాను. 1888లోనే హైదరాబాద్ దక్కన్ గనుల కంపెనీ కుంభకోణం మీద బ్రిటిష్ పార్లమెంటు విచారణ జరిపింది. లండన్ పత్రికల్లో హైదరాబాద్ పేరు గనుల గూడుపుఠాణీతో నానుతోంది. మరుసటి ఏడాది అదే లండన్‌కు శాస్త్ర పరీక్ష కోసం సంచి విప్పి చూపడం దర్బారుకు చేదేమీ కాదు.

లాన్సెట్ పంపినవాడు థామస్ లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి ఎమైల్ నైట్రైట్ వాడవచ్చని 1867లో చూపినవాడు, మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయన్న శాస్త్రంలో ఆనాటి పెద్దల్లో ఒకడు. క్లోరోఫాం గుండెను ఆపగలదనే నమ్మకంతోనే ఓడ ఎక్కాడు. ఈయనకూ పాతబస్తీకీ ఒక చిత్రమైన చుట్టరికం ఉంది. పాము కరిస్తే మహబూబ్ పాషా పేరు తలిస్తే చాలు విషం దిగుతుందని మన ఊళ్లో నమ్మేవారు, ఇప్పటికీ చెప్పుకుంటారు. బ్రంటన్ 1870లలో జోసెఫ్ ఫేరర్‌తో కలిసి మన నాగుపాము విషం మీదే పరిశోధన చేశాడు. ఆ విషం నరాలకూ కండరాలకూ మధ్య కబురు తెంపి శ్వాసను ఆపుతుంది, గుండె మాత్రం ఇంకా కొంతసేపు కొట్టుకుంటూనే ఉంటుంది, కృత్రిమంగా గాలి ఊదితే ప్రాణం మరికాస్త నిలుస్తుంది. ఊపిరి ముందా, గుండె ముందా అన్న ప్రశ్న ఆయనకు కొత్తది కాదన్నమాట. పాషా దర్బారుకు సరైన మనిషే వచ్చాడు.

రెండో కమిషన్ 1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పనిచేసింది. అధ్యక్షుడు లారీయే. బ్రంటన్, బెంగాల్ నుంచి వచ్చిన బోంఫర్డ్, హైదరాబాద్ వైద్యుడు రుస్తుంజీ సభ్యులు. ఫిర్యాది తానే పంచాయితీ పెద్దగా కూర్చున్నాడని మీకు ఇప్పటికే తోచి ఉంటుంది. ఆనాడు తోచినవాళ్లు తక్కువ.

పని మాత్రం ఆషామాషీగా జరగలేదు. జంతువు ధమనిలో సన్నటి గొట్టం దూర్చి, దాన్ని పీడనమాపకానికి కలిపేవారు. పొగచూరిన కాగితం చుట్టిన డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటే, ముల్లు దాని మీద రక్తపోటు గీత గీసేది. ఊపిరి గీత ఇంకొకటి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది ముందు చదునైందో చూడటమే. గీతలన్నిటికీ ఫొటోలు తీశారు. కుక్కలే కాదు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు కూడా. గుండె జబ్బు ఉన్నవాళ్ల సంగతేమిటని అడుగుతారని, కొన్నిటికి భాస్వరం తినిపించి గుండెకు కొవ్వు పట్టించి మరీ పరీక్షించారు. సగం మత్తులో పళ్లు పీకి, ఆ అదురుకు గుండె ఆగుతుందేమో చూశారు. వేగస్ నరాన్ని కరెంటుతో కదిపి చూశారు. గుండె నెమ్మదించింది, మళ్లీ పుంజుకుంది. నెమ్మదిస్తే ఊపిరితిత్తుల్లోని మందు ఒంట్లోకి మోసుకుపోవడం కూడా నెమ్మదిస్తుంది కనుక వేగస్ నరం శత్రువు కాదు, రక్షకుడే అని రాసుకున్నారు. ఈ పేరాను తేలిగ్గా చదవలేం. ఆ రోజుల్లో దీన్ని అడిగే చట్టం ఇక్కడ లేదు. ఇంగ్లండ్‌లో 1876లోనే జంతు ప్రయోగాల మీద ఆంక్షలు వచ్చాయి. ఇంత పెద్ద సంఖ్యలో ప్రయోగాలు హైదరాబాద్‌లో సాధ్యపడటానికి డబ్బు ఒక్కటే కారణం కాదు.

డిసెంబరులో బ్రంటన్ లండన్‌కు తంతి కొట్టాడు. 490 జంతువులు, వాటిలో 120 పీడనమాపకంతో. ప్రమాదమల్లా ఊపిరాడకపోవడం వల్ల, మందు మితిమీరడం వల్ల. గుండెకు నేరుగా ప్రమాదం ఏమీ లేదు. లండన్ పంపిన మనిషే హైదరాబాద్ పక్షం చేరాడు! 1890లో లాన్సెట్ ఆ నివేదికను అచ్చువేసింది. మరుసటి ఏడు రెండు కమిషన్ల నివేదికలూ కలిసి బొంబాయిలో పుస్తకంగా వచ్చాయి. లారీ గురువు రుణం తీరిపోయిందనుకున్నాడు.

ఈ సందడిలో ఒక పేరు పక్కకు జరిగిపోతూ ఉంటుంది. లారీ తన పాఠశాలలో ఆడపిల్లలకు చోటిచ్చాడు. వాళ్లలో పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. 1889లో హకీం పట్టా పుచ్చుకుంది, క్లోరోఫాం ప్రయోగాల్లో పాలుపంచుకుంది. ఆ తర్వాత హైదరాబాద్ ఆసుపత్రుల్లో మత్తు ఇవ్వడమే వృత్తిగా ఏళ్ల తరబడి పనిచేసింది, ఎడింబరో వెళ్లి చదువుకుని వచ్చింది. మత్తు వైద్యాన్నే వృత్తి చేసుకున్న తొలి మహిళ ప్రపంచంలో ఆమేనని పలువురు రాస్తారు. పరదా చాటు నుంచి ఆసుపత్రి గడప తొక్కడానికే జంకే పాతబస్తీ ఆడవాళ్లకు, ముక్కు మీద టోపీ పెట్టే చెయ్యి ఆడదానిదైతే ఎంత ధైర్యమో వేరే చెప్పాలా? కమిషన్ తేల్చిన సిద్ధాంతం కంటే ఈ ఫలితం ఎక్కువ కాలం నిలిచిందని నా అభిప్రాయం.

సిద్ధాంతానికి ఎదురుదెబ్బ త్వరగానే తగిలింది. తగిలించిన డబ్బు కూడా హైదరాబాద్‌దే. కేంబ్రిడ్జ్‌లో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు శరీరధర్మ శాస్త్రవేత్తలకు నిజాం ప్రభుత్వ సహాయంతోనే మళ్లీ పరీక్ష అప్పగించారు. గాస్కెల్ గుండె లయ మీద, లోపలి అవయవాలకు పోయే నరాల మీద అప్పటికే ఆరితేరినవాడు. హైదరాబాద్ ప్రయోగాల్లో మందు ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలిసి, గుండెకూ మెదడుకూ ఒకేసారి చేరుతోంది. రెండూ ఒకేసారి తడుస్తుంటే ఏది ఎవరి వల్ల జరిగిందో ఎలా చెప్పగలం? వాళ్లు రెండు జంతువుల రక్తనాళాలను కలిపి, మెదడుకు ఒక రక్తం, గుండెకు ఇంకో రక్తం పోయేలా ఏర్పాటు చేశారు. క్లోరోఫాం మెదడుకు మాత్రమే చేరినప్పుడు రక్తపోటు కూలలేదు. గుండెకు చేరినప్పుడు కూలింది. 1893లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ మాట కుండబద్దలు కొట్టినట్టు రాశారు. లారీ ఒప్పుకోలేదు. 1915లో కన్నుమూసేదాకా ఒప్పుకోలేదు.

అసలు గుట్టు 1911లో గుడ్‌మన్ లెవీ విప్పాడు. పిల్లులకు క్లోరోఫాం తక్కువగా పట్టి, అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె జఠరికలు లయ తప్పి పురుగుల్లా కదలడం మొదలుపెట్టి ఆగిపోయాయి. ఎక్కువ మందు వల్ల కాదు, తక్కువ మందు వల్ల! హన్నా గ్రీనర్ చావు ఇప్పుడు అర్థమైంది. భయంతో వణికే పిల్ల ఒంట్లో అడ్రినలిన్ పొంగింది, మత్తు ఇంకా పూర్తిగా ఎక్కలేదు, మందు తగిలి ఉన్న గుండె ఆ పొంగును తట్టుకోలేకపోయింది. ఇందులో మెదడు పాత్ర కూడా ఉంది. భయం పుట్టింది మెదడులో, దిగివచ్చింది నరాల గుండా, దెబ్బ తిన్నది గుండె. హైదరాబాద్‌లో వందల జంతువులకు మందు ధారాళంగా పట్టి ఏది ముందు ఆగుతుందో చూశారు. అలా పడితే నిజంగానే ఊపిరే ముందు ఆగుతుంది. అరకొర మందు, అదురు, రెండూ కలిసి వచ్చే ఆ కొద్ది క్షణాలు వాళ్ల డ్రమ్ము గీతల్లోకి ఎక్కలేదు.

మరి అఫ్జల్‌గంజ్‌లో అంతమందికి మందిచ్చినా చావులు అంత అరుదని లారీ చెప్పుకున్నదో? గుడ్డ టోపీలో గాలి బాగా కలిసేది. ఇక్కడి ఎండకు మందు తొందరగా ఆవిరైపోయేది. కళ్లన్నీ రోగి ఊపిరి మీదే ఉండేవి కనుక మితిమీరకముందే టోపీ తీసేసేవారు. సిద్ధాంతం సగం తప్పైనా ఆ అలవాటు మంచిదే. మత్తు డాక్టర్లు ఇవాళ ఊపిరినీ నాడినీ రెండింటినీ కనిపెట్టి చూస్తారు. ఎడింబరో, లండన్ ఇద్దరూ గెలిచారనొచ్చు, నలభై ఏళ్లు పోట్లాడినందుకు ఇద్దరినీ తిట్టనూవచ్చు. నా ఓటు రెండోదానికే.

ఈ కథంతటిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉండిపోయింది. మజ్జాముఖం ఉత్తర్వు ఇస్తుంది, వేగస్ నరం ఆపుతుంది అన్నారు. ఉత్తర్వు ఇచ్చేది ఏమిటి? నాడీమండలం అంతా ఒకదానితో ఒకటి అతుక్కున్న వల అని అప్పటి పెద్దలు చాలామంది అనుకునేవారు. సరిగ్గా హైదరాబాద్‌లో రెండో కమిషన్ కూర్చున్న 1889 అక్టోబరులోనే, బార్సిలోనా నుంచి ఒక స్పెయిన్ డాక్టరు తన సూక్ష్మదర్శిని తానే మోసుకుని బెర్లిన్ వెళ్లాడు. అక్కడి శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల సభలో, ఒక్కొక్కరినీ పిలిచి తన గాజు పలకలు చూపించాడు. ఆయన పేరు శాంటియాగో రమోన్ ఇ కహాల్. ఆ పలకల మీద వల లేదు. దేనికది విడిగా నిలబడ్డ కణాలున్నాయి.

వచ్చే భాగంలో కహాల్, ఆయనకు రంగుల పద్ధతి అందించి జీవితాంతం ఆయనతో విభేదించిన గోల్జీ, ఇద్దరూ 1906లో ఒకే నోబెల్ బహుమతి పంచుకుని ఒకే వేదిక మీద ఎదురుబొదురు ప్రసంగాలు చేసిన వైనం చూద్దాం. ఆ విడివిడి కణాలనే 1943లో మెకలక్, పిట్స్ లెక్కల్లోకి మార్చారు. ఇవాళ కంప్యూటర్లలో న్యూరల్ నెట్‌వర్క్ అంటున్నదానికి మొదలు అదే. అక్కడికి చేరడానికి మనకు ఇంకా రెండు భాగాలు పడతాయి.